హరికేన్ మరియా: 64 మందే పోయారన్న ప్రభుత్వమే 2,975 అని ఎలా ఒప్పుకుంది? జర్నలిస్టులు అసలు ఏం చేశారు?

లంక_కుర్రాడు:

అందరికీ నమస్తే. జర్నలిజం పీజీ చేస్తున్నా, పక్కన మా మండలం నుంచి ఒక పేపర్‌కి కంట్రిబ్యూటర్‌గా వార్తలు కూడా పంపుతుంటా. ఈసారి సెమినార్‌కి నాకు పడ్డ టాపిక్ అమెరికా పాలనలో ఉన్న ప్యూర్టో రికో దీవిలో 2017 సెప్టెంబర్ 20న వచ్చిన హరికేన్ మరియా, దాని మీద జర్నలిస్టులు చేసిన ఇన్వెస్టిగేషన్. చదవడం మొదలెట్టాక బుర్ర తిరిగిపోతోంది. తుఫాను తర్వాత అక్టోబర్ 3న ట్రంప్ అక్కడికి వెళ్లినప్పుడు పోయింది 16 మంది అన్నారు, ఆయన వెనక్కి వెళ్లిన సాయంత్రమే 34 అన్నారు, డిసెంబర్‌కి 64 దగ్గర ఆపేశారు, మళ్లీ 2018 ఆగస్టులో అదే ప్రభుత్వం 2,975 అని ఒప్పుకుంది. మధ్యలో హార్వర్డ్ వాళ్లది 4,645 అని ఇంకోటి.

శవాలు చూపించకుండా మూడు వేల మంది పోయారని ఎలా చెప్తారు? మా రూమ్మేట్ అయితే ఇదంతా మీడియా గారడీ రా అంటున్నాడు, వాడికి గట్టిగా సమాధానం చెప్పలేకపోతున్నా. ఇంకోటి, ముందు జాగ్రత్తల్లో ఫెయిలయ్యారు ఫెయిలయ్యారు అని అందరూ రాస్తారు గానీ ఎక్కడ ఫెయిలయ్యారో ఎవరూ తిన్నగా చెప్పట్లేదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. లింకులు ఇవ్వకండి ప్లీజ్, ట్యాబులు తెరిచి తెరిచి ల్యాప్‌టాప్ హ్యాంగ్ అవుతోంది.

లెక్కల_పంతులు:

తమ్ముడూ, మీ రూమ్మేట్‌ని ఒకటే అడుగు. తుఫాను రోజు రేకు ఎగిరొచ్చి తలకి తగిలి పోయినవాడు తుఫాను మృతుడే, అందులో పేచీ లేదు. వారం తర్వాత కరెంటు లేక ఇంట్లో ఆక్సిజన్ మెషిన్ ఆగిపోయి పోయిన ముసలాయన ఎవరి ఖాతాలోకి వస్తాడు? డాక్టరు డెత్ సర్టిఫికెట్ మీద ఊపిరితిత్తుల జబ్బు అని రాస్తాడు, అది అబద్ధం కూడా కాదు. 64 అనేది ఇలాంటి కాగితాల మీద కట్టిన లెక్క, సర్టిఫికెట్‌లో హరికేన్ వల్ల అని ఉండాలి, లేదా శవం శాన్ హువాన్‌లో ఉన్న ఫోరెన్సిక్ ఆఫీసుకి వెళ్లి వాళ్లు అలా తేల్చాలి. రోడ్లు తెగిపోయాయి, సెల్ టవర్లు నూటికి 95 పని చెయ్యట్లేదు, కొండల్లో ఉన్న ఊరి నుంచి శవాన్ని రాజధాని దాకా ఎవరు మోసుకెళ్తారు? తుఫాను తర్వాత 911 శవాల్ని ఫోరెన్సిక్ వాళ్లు చూడకుండానే దహనానికి పర్మిషన్ ఇచ్చేశారని బజ్‌ఫీడ్ న్యూస్ ఆ అక్టోబర్‌లోనే బయటపెట్టింది, అడిగితే సహజ మరణాలు అన్నారు.

సరే ఇక పద్ధతి. కారణం ఏంటన్న గొడవ మొత్తం పక్కన పెట్టెయ్యి. ఏ కారణంతో పోయినా జనన మరణాలు రాసే డెమోగ్రాఫిక్ రిజిస్ట్రీలో ఆ చావు నమోదవుతుంది, ఎందుకంటే సర్టిఫికెట్ లేకపోతే పెన్షను, బ్యాంకు, ఆస్తి ఏదీ కదలదు. తుఫాను వచ్చిన ఏడాది సెప్టెంబర్‌లో ఎంతమంది పోయారు, గత సంవత్సరాల సెప్టెంబర్లలో ఎంతమంది పోయారు, తేడా ఎంత. అంతే. న్యూయార్క్ టైమ్స్ వాళ్లు ఇలాగే 2015, 2016 సగటుతో పోల్చి చూస్తే తుఫాను తర్వాత 42 రోజుల్లో 1,052 మంది ఎక్కువ పోయారని తేలింది, అప్పటికి అధికారిక లెక్క ఇంకా 64 దగ్గరే ఉంది. ఒక్క రోజు తీసుకుని చూడు, సెప్టెంబర్ 25. గాలీ లేదు వానా లేదు, తుఫాను వెళ్లిపోయి అయిదు రోజులైంది, ఎండ మండిపోతోంది, దీవి మొత్తం మీద కరెంటు లేదు. ఆ ఒక్క రోజే 135 మంది పోయారు. అదే తేదీకి 2016లో 75, 2015లో 60. గారడీ ఎక్కడుందో మీవాణ్ణి చూపించమను. ఒంట్లో ఇన్ఫెక్షన్ పాకి పోయే సెప్సిస్ చావులు కూడా సగానికి సగం పెరిగాయి, అంటే ఆసుపత్రి సరిగ్గా నడిస్తే బతికేవాళ్లు చాలామంది అందులో ఉన్నట్టే.

2,975 అనేది జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లది, 2018 ఫిబ్రవరి దాకా లాగారు. వాళ్లు ఇంకో పని చేశారు, తుఫాను తర్వాత జనం లక్షల్లో దీవి వదిలి వెళ్లిపోయారు కాబట్టి జనాభా 8 శాతం దాకా తగ్గింది, మనుషులు తగ్గితే మామూలు చావులూ తగ్గాలిగా. అది సర్దకపోతే తేడా చిన్నదిగా కనిపిస్తుంది. సర్దితే ఈ సంఖ్య వచ్చింది.

ఓర్లాండో_తెలుగోడు:

పంతులు గారు చెప్పిన ఆ దీవి వదిలినవాళ్లలో చాలామంది వచ్చింది ఫ్లోరిడాలో మా ఓర్లాండోకే. మా ఆఫీసులో, మా అపార్ట్‌మెంట్లో వాళ్లు లేని చోటు లేదు. వాళ్లని మరియా గురించి అడిగితే గాలి గురించి అస్సలు చెప్పరు, ఆ తర్వాతి నెలల గురించే చెప్తారు.

బ్రో నువ్వు అడిగిన రెండో ప్రశ్నకి వస్తా, ఎక్కడ ఫెయిలయ్యారు అని. కరెంటుతో మొదలెట్టు. అక్కడి ప్రభుత్వ కరెంటు సంస్థ ప్రెపా, నెత్తిన దాదాపు 900 కోట్ల డాలర్ల అప్పు, మరియాకి రెండున్నర నెలల ముందు 2017 జులైలో దివాలా పిటిషన్ వేసింది. స్తంభాలు పాతవి, లైన్ల కింద చెట్లు కొట్టేవాడు లేడు, స్పేర్ సామాను లేదు. రెండు వారాల ముందు ఇర్మా అనే ఇంకో హరికేన్ పక్క నుంచి వెళ్తేనే లక్షల ఇళ్లకి కరెంటు పోయింది, దాని రిపేర్లు నడుస్తుండగానే గంటకి 250 కిలోమీటర్ల గాలితో మరియా యబుకోవా దగ్గర తీరం దాటింది. దీవి మొత్తం చీకటి. అందరికీ కరెంటు తిరిగి వచ్చేసరికి 2018 ఆగస్టు, దాదాపు పదకొండు నెలలు. అమెరికా చరిత్రలోనే ఇంత పొడుగు కరెంటు కోత ఇంకోటి లేదంటారు.

మామూలుగా ఇక్కడ తుఫాను వస్తే పక్క రాష్ట్రాల కరెంటు కంపెనీల్ని సాయం పిలుస్తారు, ట్రక్కులు బారులు తీరి వస్తాయి, మనకి హుద్‌హుద్ అప్పుడు వైజాగ్‌కి బయట నుంచి లైన్‌మెన్లని తెప్పించినట్టే. ప్రెపా మొదట్లో ఆ పని చెయ్యకుండా మోంటానాలో వైట్‌ఫిష్ అనే చిన్న కంపెనీకి 30 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. మరియా వచ్చిన రోజుకి ఆ కంపెనీలో ఫుల్‌టైమ్ ఉద్యోగులు ఇద్దరు. ఇద్దరే! వాషింగ్టన్ పోస్ట్ రాశాక గోల గోల అయ్యి అక్టోబర్ ఆఖర్లో రద్దు చేశారు. భోజనాల కథ ఇంకా దారుణం, మూడు కోట్ల భోజనాలు పంపమని అమెరికా కేంద్ర విపత్తు సంస్థ ఫెమా వాళ్లు 15.6 కోట్ల డాలర్లకి అట్లాంటాలో ఒక సంస్థకి ఇచ్చారు, అందులో ఉన్నది ఓనరమ్మ ఒక్కతే, చేరినవి 50 వేలు.

అసలు ఫెమా గోడౌన్ సంగతి చూడండి. ఆ ప్రాంతానికంతా సరుకు దాచే గోడౌన్ ప్యూర్టో రికోలోనే ఉంది, కానీ ఇర్మాకి పక్కన వర్జిన్ ఐలాండ్స్‌కి సామాను పంపేసి 80 శాతం పైగా ఖాళీ అయిపోయింది, నింపేలోపు మరియా వచ్చేసింది. ఇది జర్నలిస్టులు పట్టుకుంది కాదు, ఫెమా తన రిపోర్టులో తనే రాసుకుంది, 2018 జులైలో. నీ సెమినార్‌లో ఏది రిపోర్టర్ తవ్వింది, ఏది ప్రభుత్వం తర్వాత ఒప్పుకున్నది అని విడదీసి చెప్పు, చాలామంది అన్నీ కలిపేస్తారు.

సూటిగా_సుత్తి_లేకుండా:

నేను కాస్త అడ్డం తిరుగుతా, ఎవరూ ఫీలవ్వకండి. హార్వర్డ్ 4,645 సంగతి ఎవరూ మాట్లాడరేంటి? 3,299 ఇళ్లు సర్వే చేశారు, అందులో తుఫాను తర్వాత జరిగిన చావులు 38. ముప్పై ఎనిమిది చావుల నుంచి మరణాల రేటు కట్టి, అందులోంచి 2016 రేటు తీసేసి, మిగిలింది దీవి జనాభాకి గుణించి 4,645 అన్నారు, అసలు సంఖ్య ఎక్కడ నుంచి ఎక్కడి దాకా ఉండొచ్చనే రేంజ్ వాళ్ల పేపర్లోనే 793 నుంచి 8,498 అని ఉంది. ప్రపంచంలో ఉన్న పేపర్లన్నీ మాత్రం 4,645 అని హెడ్డింగ్ పెట్టేశాయి, రేంజ్ ఎక్కడో తొమ్మిదో పేరాలో. ప్యూర్టో రికోలో ఆ నంబరు టీషర్టుల మీదకి, గోడల మీదకి ఎక్కింది. తర్వాత 2018 సెప్టెంబర్‌లో ట్రంప్ మూడు వేల మంది చనిపోలేదు, అది డెమోక్రాట్ల పని అని ట్వీట్ చేశాడు, అది తప్పే, కానీ అలాంటివాడికి సందు ఇచ్చింది ఎవరు? ఒక నంబరు తర్వాత ఇంకో నంబరు, దేనికీ పేర్లు లేవు. పేర్లు లేని చావుని నేను ఎలా నమ్మాలి? ఎక్సెస్ అంటే సగటు మీద తేడా, మనిషి కాదు కదా.

లెక్కల_పంతులు:

సుత్తి గారూ, 4,645 హెడ్డింగ్ మీద మీరన్నది కరెక్టే, సర్వే అంకెకి రేంజ్ చెప్పకుండా హెడ్డింగ్ పెట్టకూడదు. కానీ ఆ సర్వేలో ఇంకో ముక్క ఉంది, అది రిజిస్ట్రీ ఎప్పటికీ చెప్పలేదు. ఆ చావుల్లో మూడో వంతు వైద్యం ఆలస్యమయ్యో, మధ్యలో ఆగిపోయో జరిగాయని ఇంట్లోవాళ్లే చెప్పారు. ఇక రిజిస్ట్రీ మీద కట్టిన 2,975కి రేంజ్ 2,658 నుంచి 3,290. చూడండి ఎంత ఇరుకో. అసలు సర్వే చెయ్యాల్సిన అవసరం ఎందుకొచ్చిందో తెలుసా, ప్రభుత్వం రిజిస్ట్రీ డేటా ఇవ్వడం ఆపేసింది కాబట్టి. డేటా ముందే ఇచ్చి ఉంటే 793 నుంచి 8,498 అనే గోల ఉండేదే కాదు.

డెస్క్_పాతకాపు:

ఆలస్యంగా చూశాను ఈ త్రెడ్. పేర్లు లేవు అన్న మాట తప్పు, పేర్లు ఉన్నాయి, ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించే పని అదే.

మొదటి నుంచీ చెప్తా బాబూ, నోట్ చేసుకో. శాన్ హువాన్‌లో సెంత్రో దె పెరియోదిస్మో ఇన్వెస్తిగాతివో అని చిన్న సంస్థ, 2007లో ఇద్దరు జర్నలిస్టులు పెట్టుకున్నారు, లాభం కోసం నడిపేది కాదు. అందులో ఒకావిడ ఒమాయా సోసా పాస్కువల్. ప్రభుత్వం 16 అంటున్న రోజుల్లోనే, తుఫాను వచ్చిన వారం తర్వాత, ఆవిడ ఆసుపత్రుల్ని నేరుగా అడగడం మొదలుపెట్టింది. ప్రెస్‌మీట్లో కూర్చుని అంకె రాసుకోలేదు. మార్చురీలు నిండిపోయాయి, చావులు డజన్లలో ఎక్కువ ఉన్నాయి, వందల్లోకి కూడా పోవచ్చు అని సెప్టెంబర్ 28న రాసింది. అప్పట్లో ఫోన్లు లేవు, పెట్రోలు బంకుల దగ్గర గంటల క్యూలు, ఆ పరిస్థితుల్లో రాసిన వార్త. బయట నుంచి వచ్చిన పెద్ద చానెళ్లు హెలికాప్టర్ విజువల్స్ వేసుకుంటున్నాయి అప్పటికి.

తర్వాత ప్రభుత్వం రిజిస్ట్రీ డేటా ఇవ్వనంది. అక్కడ అప్పటికి మన ఆర్టీఐ లాంటి చట్టం కూడా లేదు, 2019 ఆగస్టులో వచ్చింది. సమాచారం కావాలంటే కోర్టుకి వెళ్లి కొట్లాడి తెచ్చుకోవడమే. 2018 ఫిబ్రవరిలో వీళ్లు కేసు వేశారు, సీఎన్ఎన్ కూడా వేసింది, జూన్ మొదటి వారంలో జడ్జి డేటా ఇచ్చి తీరాల్సిందే అని ఆర్డర్ వేసింది. డేటా చేతికొచ్చాక ఒక్కో పొర ఊడింది. ఉదాహరణకి లెప్టోస్పైరోసిస్, మన దగ్గర ఎలుక జ్వరం అంటారే, తాగడానికి నీళ్లు లేక జనం వాగుల్లో నీళ్లు తాగారు కదా. ఎపిడెమిక్ ఏమీ లేదు అని అధికారులు చెప్పుకుంటూ వచ్చారు, రిజిస్ట్రీ చూస్తే ఆరు నెలల్లో 26 చావులకి ఆ జ్వరం పేరు రాసి ఉంది. తప్పించగలిగిన చావులు అవి.

ఇప్పుడు పేర్ల సంగతి. ఇదే సంస్థ, క్వార్ట్జ్ అనే వెబ్‌సైట్, అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ కలిసి జనాన్ని అడిగారు, మీ ఇంట్లో తుఫాను వల్ల పోయారనుకుంటున్నవాళ్ల వివరాలు పంపండి అని. వచ్చినవాటిని ప్రభుత్వ రికార్డులతో సరిచూసి, దాదాపు 300 కుటుంబాలతో మాట్లాడి, 2018 సెప్టెంబర్‌లో 487 మంది కథలు బయటపెట్టారు. డయాలసిస్ అందనివాళ్లు, ఆక్సిజన్ ఆగినవాళ్లు, అంబులెన్స్ రానివాళ్లు. వియెకెస్ అనే చిన్న దీవిలో ఉన్న ఒక్క ఆసుపత్రీ పాడైపోయి, డయాలసిస్ పేషెంట్లని వారానికి మూడుసార్లు విమానంలో పెద్ద దీవికి తీసుకెళ్లాల్సి వచ్చింది, మామూలు రోజుల్లోనే ఆ తిరుగుడు తట్టుకోలేరు వాళ్లు. కాబట్టి సుత్తి గారూ, పై నుంచి మొత్తం లెక్క, కింద నుంచి పేరు పేరునా, రెండూ చేశారు. ఒక్కటే చేసి ఉంటే మీరడిగిన ప్రశ్నకి జవాబు ఉండేది కాదు.

సన్నద్ధత గురించి ఓర్లాండో గారు చెప్పినవన్నీ సామాను, కరెంటు. కాగితాల మీద వైఫల్యం ఇంకా లోతుది, 2,975 చెప్పిన ఆ యూనివర్సిటీ రిపోర్టులోనే ఉంది, అందరూ అంకె దగ్గర ఆగిపోయి మిగతాది చదవలేదు. విపత్తులో జనానికి సమాచారం ఎలా చేరవెయ్యాలి అన్న ప్లాన్లు కేటగిరీ 1 తుఫానుకి, అంటే హరికేన్ బలం కొలిచే అయిదు మెట్లలో అన్నిటికంటే కిందదానికి, మించి ఆలోచించనేలేదు. వచ్చింది కేటగిరీ 4. విపత్తు మరణాన్ని సర్టిఫికెట్‌లో ఎలా రాయాలో డాక్టర్లకి ట్రైనింగ్ లేదు. పేద మునిసిపాలిటీల్లో ఉన్నవాళ్లకి చావు ముప్పు 45 శాతం ఎక్కువ, 65 దాటిన మగవాళ్లకి ఆఖరి దాకా తగ్గలేదు. అంటే చావుల లెక్క తప్పడం కూడా సన్నద్ధత లేకపోవడంలో భాగమే, రెండూ వేరు వేరు టాపిక్‌లు కావు, నీ సెమినార్‌కి నేనైతే ఇదే పాయింట్ పట్టుకుంటా.

ఓర్లాండో_తెలుగోడు:

పాతకాపు గారు సూపర్. లెక్క తప్పితే ఎవరికి నష్టం అనేది కూడా కలపండి. అంత్యక్రియల ఖర్చుకి ఫెమా సాయం ఇస్తుంది, కానీ తుఫాను వల్లే పోయారని అధికారిక కాగితం కావాలి. సహజ మరణం అని రాసి ఉంటే ఎక్కడ తెస్తారు? 2,400కి పైగా అప్లికేషన్లు వస్తే 2018 జులై ఆఖరుకి ఓకే చేసింది 75.

ఇంకా ప్యూర్టో రికో గవర్నర్ సంగతి. 2019 జులైలో పాతకాపు గారు చెప్పిన ఆ జర్నలిస్టుల సంస్థే గవర్నర్ రొసెయో, ఆయన మనుషులు టెలిగ్రామ్‌లో చేసుకున్న చాటింగ్ 889 పేజీలు మొత్తం పెట్టేసింది. అందులో తుఫాను శవాల మీద జోకులు. జనం లక్షల్లో రోడ్డెక్కారు, ఆగస్టు 2న దిగిపోయాడు. మళ్లీ 2020 జనవరిలో భూకంపాలప్పుడు పోన్సే ఊళ్లో ఒక గోడౌన్‌లో మరియా నాటి సరుకులు, నీళ్లు, మంచాలు పంచకుండా పడి ఉన్నాయని ఒక బ్లాగర్ ఫేస్‌బుక్ లైవ్ పెడితే జనం తలుపులు బద్దలు కొట్టారు. విపత్తు శాఖ డైరెక్టర్ ఉద్యోగం పోయింది. మా కొలీగ్ ఆ వీడియో చూస్తూ ఏమీ మాట్లాడలేదు గానీ ఆ రోజు లంచ్ తినలేదు.

సూటిగా_సుత్తి_లేకుండా:

487 సంగతి నాకు తెలీదు, చదువుతా. హెడ్డింగ్ మీద మాత్రం నా మాట నాదే.

లంక_కుర్రాడు:

అందరికీ చాలా చాలా థాంక్స్. పాతకాపు గారూ ఒక్క డౌట్, మాది దివిసీమ పక్కనే, 1977 ఉప్పెన లెక్క కూడా పదివేలా ఇంకా ఎక్కువా అని మా తాతల తరం ఇప్పటికీ వాదించుకుంటారు. ఇలాంటి పని మన దగ్గర ఎవరైనా చేశారా, నాలాంటివాడు మండలంలో చెయ్యగలడా? డేటా అడిగితే ఆఫీసుల్లో మొహం మీద తలుపు వేస్తారు అనుకుంటా.

డెస్క్_పాతకాపు:

చేశారు. తుఫానుకి కాదు, కోవిడ్‌కి. 2021లో ఆంధ్రప్రదేశ్ సివిల్ రిజిస్ట్రేషన్ లెక్కలు తీసుకుని జర్నలిస్టులు ఇదే పద్ధతిలో నెలల వారీగా పోల్చి చూపించారు, ఆ మే నెల చావులు మామూలు ఏడాది కంటే ఎన్నో రెట్లు ఉన్నాయి, అధికారిక కోవిడ్ లెక్క దాని దరిదాపుల్లో లేదు. తుఫాను దగ్గరికొస్తే మన దగ్గర ఎక్స్‌గ్రేషియా రావాలన్నా చావుకి కారణం ఇదీ అని అధికారి ధృవీకరించాలి, అంటే ప్యూర్టో రికోలో వచ్చిన పేచీయే ఇక్కడా వస్తుంది. తుఫాను తర్వాత నాలుగో రోజు ఇన్సులిన్ దొరక్క పోయిన మనిషి పేరు ఏ లిస్టులోనూ ఉండదు.

నువ్వు చెయ్యగలవు. ఊళ్లో జనన మరణాల రిజిస్టర్ పంచాయతీ సెక్రటరీ దగ్గర ఉంటుంది. ఆర్టీఐలో కారణాలు, పేర్లు ఏమీ అడక్కు, నెలవారీ మరణాల సంఖ్య మాత్రం అడుగు, అయిదేళ్లది. పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారం అని తిప్పి కొడతారు, సంఖ్య అడిగితే తిప్పికొట్టడం కష్టం. పేర్లు నువ్వే ఊళ్లు తిరిగి తెచ్చుకో, ఆశా వర్కర్లకి తెలియని చావు ఉండదు.

లెక్కల_పంతులు:

ఒక్క జాగ్రత్త తమ్ముడూ. ఒక మండలంలో నెలకి చావులే తక్కువ, అయిదారుగురు అటూ ఇటూ అయితే గ్రాఫ్ ఎగిరి పడుతుంది, దాన్ని పట్టుకుని వార్త రాసేస్తావేమో. మొత్తం లెక్కకి తీరం వెంట ఉన్న మండలాలన్నీ కలుపు, వీలైతే జిల్లా తీసుకో, లోపల ఉన్న మండలాలు విడిగా పెట్టి పోల్చు. వలస వెళ్లినవాళ్లని మర్చిపోకు, లంకల్లో తుఫాను తర్వాత సగం ఊరు బంధువుల ఇళ్లకి పోతుంది, వాళ్లలో ఎవరైనా అక్కడ పోతే చావు అక్కడి రిజిస్టర్లో పడుతుంది. షీట్ తయారయ్యాక ఇక్కడ పెట్టు, నేను చూస్తా.